కిల్లారీ, 1993

ఎక్కడ భూకంపం వచ్చిందన్నా నాకు ముందు గుర్తొచ్చేది రోడ్డు పక్కన వానకు నానుతున్న పాత బట్టల కుప్పలే. సాయం పేరుతో జనం పంపినవి. ఎవరూ ముట్టుకోలేదు.

1993 సెప్టెంబర్ 30. వినాయక నిమజ్జనం చేసొచ్చి పడుకున్న మహారాష్ట్రలోని కిల్లారీ, దాని చుట్టుపక్కల లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల పల్లెలు తెల్లవారుజామున 4 గంటలకు కాస్త ముందు కూలిపోయాయి. దాదాపు 10 వేల మంది పోయారు. నిజానికి వాళ్లను చంపింది ఇళ్లే. మట్టితో పేర్చిన బండరాళ్ల గోడలు, పైన దూలాల మీద మందంగా పరిచిన మట్టి. నిద్రలో ఉన్నవాళ్లకు బయటపడే దారేది?

హైదరాబాద్ నుంచి లారీలో బియ్యం, దుప్పట్లు వేసుకుని కాలేజీ కుర్రాళ్లం వెళ్లాం. బ్రెడ్డు ప్యాకెట్లు అప్పటికే గుట్టలుగా ఉన్నాయి. ఒక పెద్దావిడ సగం మరాఠీ, సగం హిందీలో అడిగింది: "జొన్నపిండి లేదా బాబూ? ఒక పెనం ఇప్పించండి చాలు, రొట్టెలు మేమే చేసుకుంటాం." ఆ సాయంత్రమే షోలాపూర్‌కు మనిషిని పంపి పెనాలు, పిండి, లాంతర్లు, టార్పాలిన్లు తెప్పించాం.

పంచడం కష్టం కాదు. ఎవరికి అందలేదో కనుక్కోవడమే అసలు టెన్షన్. మెయిన్ రోడ్డు మీది ఊళ్లకు లారీ వెనక లారీ. బురద దారిలో లోపలికెళ్తే, మమ్మల్ని చూశాకే పొయ్యి వెలిగించిన కుటుంబాలు.

ఇల్లు నిలిచినవాళ్లు కూడా లోపల పడుకోలేదు. తర్వాత రేకుల షెడ్లలో ఎండకు మాడుతూ కూడా రాతి ఇల్లు వద్దన్నారు, స్లాబ్ ఇల్లే కావాలన్నారు.