కెమెరా కార్డు ఎలా అరిగింది?

విజయనగరం గంటస్తంభం దగ్గర నాన్న బట్టల కొట్టు. సరిగ్గా సిరిమాను పండగ ముందు రోజు, కొట్టు కిటకిటలాడుతుంటే, సీసీ కెమెరా ఆగిపోయింది. నాకు ఒకటే టెన్షన్. విప్పి చూస్తే పోయింది మెమరీ కార్డు.

"కదిలే ముక్కే లేదు కదరా, ఎలా అరిగింది?" అన్నారు నాన్న.

చాలా మంచి ప్రశ్న. ఈ కార్డులో ఉండేది ఫ్లాష్ మెమరీ. అందులో సమాచారమంటే బుల్లి గదుల్లో బంధించిన ఎలక్ట్రాన్లు. గదికి గోడ ఒక పల్చటి ఆక్సైడ్ పొర. రాయాలన్నా చెరపాలన్నా ఎక్కువ వోల్టేజీతో ఎలక్ట్రాన్లను ఆ పొరలోంచే నెట్టాలి. నెట్టిన ప్రతిసారీ పొర కాస్త దెబ్బతింటుంది, కొన్ని ఎలక్ట్రాన్లు అందులోనే ఇరుక్కుంటాయి. చివరికి గది నిండిందో లేదో తేల్చడమే కష్టం. పైగా రాసినచోటే మళ్లీ రాయాలంటే బ్లాకు, అంటే ఆ గదుల గుంపు, మొత్తం చెరపాలి. గదికి ఒక్క బిట్ (0 లేదా 1) దాచే ఎస్‌ఎల్‌సీ రకం ఇలా చెరిపి రాయడాన్ని దాదాపు 1,00,000 సార్లు ఓర్చుకుంటుంది. మూడు బిట్లు కుక్కే టీఎల్‌సీ మాత్రం సుమారు 1,000 నుంచి 3,000 సార్లే.

"ఉతికి ఉతికి చీర పల్చబడ్డట్టు" అన్నారు నాన్న. అవును, అంతే.

కెమెరా రాత్రీ పగలూ పాతది చెరిపి కొత్తది రాస్తూనే ఉంటుంది. ఈసారి ఎక్కువసార్లు రాసినా తట్టుకునే హై ఎండ్యూరెన్స్ కార్డు, అదీ పెద్ద సైజుది వేశాను. గదులు ఎక్కువైతే ఒక్కోదానికి వంతు ఆలస్యంగా వస్తుంది.