బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

దేవరకొండ దగ్గర మా అత్తగారి ఊళ్లో బత్తాయి తోట గెట్టు పంచాయితీ అది. మా బామ్మర్ది చేతిలో పార ఉంది, అవతలి మనిషి తలకు కుట్లు పడ్డాయి. అంతే, కేసు హత్యాయత్నమైంది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 109వ సెక్షన్.

అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అంతకుముందు ఆసుపత్రిలో వైద్య పరీక్ష. పెద్ద వాదనలుంటాయని ఊరోళ్లంతా వచ్చి కోర్టు వరండాలో నిలబడ్డారు. లోపల రెండు నిమిషాల పని. పోలీసులు కొట్టారా, ఎందుకు పట్టుకొచ్చారో రాసిచ్చారా, వకీలు ఉన్నాడా అని అడిగారు. వాడు అన్నింటికీ తలే ఊపాడు. ‘నోటితో చెప్పు’ అంటే అప్పుడు నోరు తెరిచాడు. 14 రోజుల రిమాండు, నల్గొండ జిల్లా జైలు.

ఏడేళ్ల లోపు శిక్ష కేసుల్లో చాలావరకు నోటీసిచ్చి పంపేస్తారు. 109కి పదేళ్లు, గాయమైతే యావజ్జీవం దాకా ఉంది. అందుకే వకీలు బెయిల్ కోసం సెషన్స్ కోర్టుకే పోయాడు. పీపీ (ప్రభుత్వ వకీలు) జవాబు దాఖలుకు ఒక వాయిదా, గాయపడ్డాయన డిశ్చార్జి కాగితం కోసం ఇంకో వాయిదా. ‘90 రోజుల్ల ఛార్జిషీటు వెయ్యకుంటే బెయిల్ హక్కుగ వస్తదమ్మా’ అని వకీలు ధైర్యం చెప్తే మా అత్తకు 90 ఒక్కటే వినపడింది.

ఆర్డరొచ్చింది. పాతిక వేలకు సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు షూరిటీలు, అంటే పూచీ ఉండేవాళ్లు. అసలు కథ ఇక్కడ మొదలైంది. వకీలు ఫీజెంతని అందరూ అడిగారు గానీ, షూరిటీ ఎవరుంటారని ఒక్కరూ అడగలేదు. ఒకాయన భూమి పాసుబుక్కు బ్యాంకులో ఉందట. ఇంకొకాయన ఇల్లు నాయిన పేరు మీదుందట. మూడో ఆయన ‘ఇంట్ల అడిగి చెప్త బావా’ అని ఫోనే ఎత్తలేదు. కోర్టు ముందు టీకొట్టు దగ్గర డబ్బులిస్తే షూరిటీ నిలబడతామనేవాళ్లు తగులుకున్నారు. వకీలు వద్దన్నాడు. ఇప్పటికే ఎంతమందికి జమానతు ఉన్నారో షూరిటీ రాసివ్వాలి, అబద్ధం బయటపడితే ఉన్న బెయిలూ పోతుంది.

చివరికి మా చిన్నమామ, ఆయన వియ్యంకుడు వచ్చారు. ఆధార్, ఇంటిపన్ను రసీదు, ఇంటి విలువకు పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన కాగితం. ‘పిల్లగాడు పారిపోతే ఈ పైసలు నువ్వు కట్టాలె, ఎరుకేనా?’ అని అడిగితే, ‘తోటకు నీళ్లెవరు కడ్తరు సారూ, యాడికి పోతడు’ అన్నాడు చిన్నమామ. కోర్టుహాల్లో నవ్వులు.

నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఈ రెండూ మా ఊళ్లో ఎవరికీ తెలియవు.

రిలీజ్ ఆర్డరు జైలుకు చేరేసరికి రాత్రికి గదులకు తాళాలు వేసేశారు, మర్నాడు పొద్దున వదిలారు. ఇప్పుడు ప్రతి ఆదివారం స్టేషన్లో సంతకం. ఛార్జిషీటు ఇంకా పడలేదు. గెట్టు సర్వే దరఖాస్తు మాత్రం ఈసారి మేమే పెట్టాం.