శుక్రవారం రాత్రి కుదరదు

గురువారం కాల్‌లో మేనేజరు "సాఫ్ట్‌వేర్ రిలీజ్ రేపు రాత్రి తొమ్మిదికి పెట్టుకుందాం" అన్నాడు. నేను మ్యూట్ తీసి సరే అనేలోపే మా టీమ్‌లో డేటాబేస్ చూసే పెద్దాయన "నాకు కుదరదు, శుక్రవారం రాత్రి నేను స్టాఫర్డ్‌లో ఉంటాను" అన్నాడు. అంతే. సారీ లేదు, ఇంట్లో ఎవరికో బాగాలేదన్న వంక లేదు. మేనేజరు రెండు క్షణాలు ఆగి, సరే శనివారం పొద్దున చూద్దాం అని తేల్చేశాడు.

తర్వాత కాఫీ మెషీన్ దగ్గర ఆ పెద్దాయన నన్ను ఆపి, నవ్వుతూ కాదు, నిజంగానే విసుగ్గా అన్నాడు: "వాళ్లు అడగడం పూర్తవకముందే నువ్వు సరే అంటావు. నువ్వు అంటావు కాబట్టే వాళ్లు ప్రతిసారీ శుక్రవారమే అడుగుతారు."

నాకు మండింది. నువ్వు పుట్టిన ఊళ్లో, నీ పాస్‌పోర్టుతో, ఇల్లు అప్పు తీరిపోయి కూర్చుని చెప్పడం తేలికే నాయనా. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి చేతిలో ఉండేది 60 రోజులు. గ్రీన్‌కార్డు వరుస ఎప్పటికి కదులుతుందో లెక్కేయడం మానేసి చాలా కాలమైంది. పైగా ఇక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదంటే హైదరాబాదులో శనివారం పొద్దున ఆరున్నర, అక్కడి మా టీమ్ కుర్రాళ్లు కళ్లు నులుముకుంటూ లాగిన్ అవుతారు, వాళ్లు మాత్రం ఎవరికి కుదరదని చెప్పాలి? ఇదంతా ఆయనతో అన్నానా అంటే లేదు. కాఫీ పట్టుకుని వచ్చేశాను. ఇప్పుడు మీతో అంటున్నాను.

అసలు ఆ స్టాఫర్డ్‌లో ఏముందో చూద్దామని వెళ్లాను. రిలీజ్ ఎలాగూ వాయిదా పడింది కదా. శుక్రవారం సాయంత్రం ఖాళీగా ఉన్నానంటే మా ఆవిడ "ఏవండీ, ఒంట్లో బానే ఉందా?" అని అడిగింది.

మేముండే కనెక్టికట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఇన్సూరెన్స్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు బోలెడుమంది. మిడిల్‌టౌన్ సత్యనారాయణస్వామి గుడికి వెళ్తే సగం ఆఫీసు అక్కడే కనపడుతుంది. కానీ అరగంట దూరంలో ఉన్న స్టాఫర్డ్ మోటార్ స్పీడ్‌వే అనే కార్ల రేసు ట్రాక్ పేరు వాళ్లలో ఎంతమంది విన్నారో నాకు అనుమానమే. నాస్కార్, అంటే ఆ పేరుగల సంస్థ నడిపే కార్ల రేసులు, అమెరికా దక్షిణాది రాష్ట్రాల సంగతి, టీవీలో వచ్చేది అనుకుంటాం. ఇక్కడేమో అర మైలు తారు ట్రాక్, ఒకప్పుడు గుర్రప్పందేలు, వ్యవసాయ ప్రదర్శనలు జరిగిన చోటు. ముందు చక్రాలకు మడ్‌గార్డుల్లాంటివేమీ లేకుండా, నేలకు అతుక్కుపోయినట్టుండే వెడల్పాటి కార్లు తిరుగుతుంటాయి. వీటిని మోడిఫైడ్ అంటారు. చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా వెళ్తే మర్నాడు దాకా హోరు తగ్గదు.

మా పెద్దాయన లోపల, ట్రాక్ పక్కన, టేపుతో టైర్ల చుట్టుకొలత కొలుస్తున్నాడు. కారు ఎప్పుడూ ఎడమకే తిరగాలి కాబట్టి కుడి వెనక టైరు ఎడమదానికన్నా కాస్త పెద్దది ఉండాలట, ఆ తేడా ఎంతుండాలో ఆ రాత్రి ట్రాక్‌ను బట్టి తేల్చడమే ఆయన పని. కారు ఆయనది కాదు, స్నేహితుడిది. జీతం లేదు. పెట్రోలు ఖర్చు కూడా ఆయనదే. ఆఫీసులో ఒక స్క్రిప్టు మీద కూడా ఆయన అంత శ్రద్ధ పెట్టడం నేను చూడలేదు, ఇది ఎత్తిపొడుపే అనుకోండి.

అక్కడి నుంచి ఈ ఆట చరిత్ర నన్ను పట్టుకుంది. ఆయన చెప్పిందీ, నేను చదివిందీ కలిపి చెప్తున్నాను. నాస్కార్ మొదటి రేసు 1948 ఫిబ్రవరిలో డేటోనా బీచ్‌లో జరిగింది, అది మోడిఫైడ్ కార్లదే, గెలిచింది రెడ్ బైరన్. ఇప్పుడు లోకమంతా చూసే కప్ సిరీస్ ఆ మరుసటి ఏడాది వచ్చింది. అంటే పెద్ద కొడుకు మోడిఫైడ్ ఇక్కడ చిన్న ఊళ్లలో ఉండిపోయాడు, చిన్నవాడు కోట్లు సంపాదించాడు. మొదట్లో 1930ల నాటి పాత కార్లకే పెద్ద ఇంజన్లు బిగించి నడిపేవారు, 1970లలో ఆ బాడీలు పోయి పింటో, వేగా లాంటి చిన్న కార్ల బాడీలు వచ్చాయి. ఈ కనెక్టికట్‌లోనే ఉన్న థాంప్సన్ ట్రాక్ కథ ఇంకా బాగుంటుంది: 1938 తుపానుకు ఒక రైతు పొలంలో చెట్లన్నీ కూలిపోతే, ఆ ఖాళీ చోట ఆయన తారు ట్రాక్ వేయించి 1940లో తెరిచాడు. అలాంటప్పుడు మనవాళ్లయితే ప్లాట్లు వేసేవారు.

1984 వరకూ మోడిఫైడ్ ఛాంపియన్ అవ్వాలంటే దొరికిన ప్రతి ట్రాక్‌లోనూ పరిగెత్తి పాయింట్లు పోగేసుకోవాలి. వారంలో మూడు నాలుగు రాత్రులు వేర్వేరు ఊళ్లలో రేసులు, మధ్యలో రాత్రంతా ట్రక్కులో ప్రయాణం. న్యూయార్క్ రాష్ట్రంలో రోమ్ అనే చిన్న ఊరుంది. ఆ ఒక్క ఊరి నుంచే ఇద్దరు, జెర్రీ కుక్, రిచీ ఎవాన్స్. 1971 నుంచి 1985 దాకా పదిహేనేళ్లు టైటిల్ ఆ ఊరు దాటి బయటికి పోలేదు: కుక్‌కు ఆరు, ఎవాన్స్‌కు తొమ్మిది. ఆ ఊళ్లో ఎన్ని తగాదాలు, ఎన్ని పందేలు, ఎన్ని పెళ్లి సంబంధాలు చెడి ఉంటాయో ఊహించుకోండి. మన పల్లెల్లో అయితే చెడేవి.

1985లో ఆ ఛాంపియన్‌షిప్‌ను నిర్ణీత షెడ్యూలుతో ఒక టూర్‌గా మార్చారు. ఇప్పుడు వీలెన్ మోడిఫైడ్ టూర్ అంటున్నది అదే. మొదట పేరు సిగరెట్ల కంపెనీది, 1994 నుంచి ట్రెయిలర్ల కంపెనీది, 2005 నుంచి పోలీసు కార్ల మీద, అంబులెన్సుల మీద మెరిసే లైట్లు చేసే వీలెన్‌ది. ఆ కంపెనీ కూడా ఈ రాష్ట్రంలోని చెస్టర్‌దే. టూర్ మొదటి ఏడాది టైటిల్ ఎవాన్స్‌కు ఖాయమైపోయాక, చివరి రేసు కోసం వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ వెళ్లి, అక్టోబరు 24న ప్రాక్టీసులో గోడకు కొట్టుకుని చనిపోయాడు. ఆయన నారింజ రంగు కారు నెంబరు 61ని ఆ సిరీస్‌లో ఇంకెవరికీ ఇవ్వడం లేదు. తర్వాత నాలుగైదేళ్లలో మరికొందరు పోయారు. కార్ల చట్రాలు మరీ గట్టిగా ఉండి దెబ్బంతా డ్రైవరుకే తగులుతోందని, తర్వాత ముందుభాగం నలిగేలా మార్చారు. 2008 ఛాంపియన్ టెడ్ క్రిస్టఫర్ ప్లెయిన్‌విల్‌లో కవల సోదరుడూ తానూ కలిసి కార్ల రిపేరు షాపు నడుపుకునేవాడు. 2017లో లాంగ్ ఐలాండ్‌లోని రివర్‌హెడ్ రేసుకు చిన్న విమానంలో వెళ్తూ అది కూలి చనిపోయాడు. పేరున్న వాళ్లకు కూడా సోమవారం పొద్దున షాపు తెరవాల్సిన ఉద్యోగం ఉండేదన్నమాట.

ఇదంతా చూస్తుంటే నాకు మా మామయ్య గుర్తొచ్చాడు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు తెలిసినవాళ్లకు వివరం అక్కర్లేదు. గిత్తల వయసును బట్టి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలున్నట్టే వీళ్లకూ కార్ల తరగతులున్నాయి, శుక్రవారాల్లో ఎస్‌కే మోడిఫైడ్, దానికింద లైట్, అలా. పిల్లల ఫీజులు ఆలస్యమైనా గిత్తలకు ఉలవలు ఆలస్యం కానిచ్చేవాడు కాదు మామయ్య. తిరునాళ్ల వారంలో వరి కోతకొచ్చినా పొలం వైపు చూసేవాడు కాదు. అత్తయ్య తిట్లన్నీ ఆ నాలుగు రోజులకే దాచుకునేది. గెలిస్తే వచ్చేది తులం బంగారమో, కొంత డబ్బో, అది దాణాకే చాలదు. అయినా నిజం చెప్పాలంటే మా గిత్తలే నయం, పందెం అయ్యాక ఇంటికొచ్చి కొట్టంలో ఉంటాయి, పేరుపెట్టి పిలిస్తే తలతిప్పుతాయి. ఇక్కడ రబ్బరు అరిగిపోయాక ఆ టైర్ల వైపు ఎవరూ చూడరు. పక్షపాతం అంటారా, అనండి.

కానీ నన్ను కొరుకుతున్నది అది కాదు. మామయ్య కూడా ఆ నాలుగు రోజులూ ఎవరినీ సెలవు అడగలేదు. పొలం ఆయనదే, నష్టం ఆయనదే. మా పెద్దాయన ఒకరి దగ్గర జీతం తీసుకుంటూ కూడా అంతే ధీమాగా కుదరదన్నాడు, పైగా ఆకాశమేం కూలలేదు, రిలీజ్ శనివారం పొద్దున పదింటికల్లా అయిపోయింది. ఇన్నేళ్లుగా శుక్రవారం రాత్రే కావాలని ఎవరు పట్టుబట్టారు? బిజినెస్ వాళ్లు అని మేనేజరు అంటాడు. బిజినెస్ వాళ్లను అడిగితే ఐటీ వాళ్లు పెట్టుకున్న టైం అదే కదా అంటారు. ఇంకొకటి కూడా ఉంది. ఒకవేళ నాకూ వీసా గొడవ లేకుండా ఆయనంత స్వేచ్ఛ ఉంటే, కుదరదు అన్నాక చెప్పడానికి నాకొక స్టాఫర్డ్ ఉండాలి కదా. పిల్లల కూచిపూడి క్లాసు ఆదివారం. క్రికెట్ ఆడి చాలా కాలమైంది. శుక్రవారం రాత్రి నేను ఎక్కడ ఉంటాను?

పోయిన వారం ఆయన మళ్లీ కాఫీ దగ్గర కలిశాడు. ఆ విసుగు గురించి ఆయనకు గుర్తు కూడా లేనట్టుంది. అక్టోబరులో థాంప్సన్‌లో సీజన్ చివరి పెద్ద రేసులున్నాయి, మనిషి తక్కువయ్యాడు, టైర్లు దొర్లించడానికి వస్తావా అన్నాడు. నోటిదాకా వచ్చిన "సరే" ఈసారి ఆపుకుని, చూసి చెప్తానన్నాను, ఎందుకంటే ఆ వారం ఆన్‌కాల్, అంటే ఏ వేళ పిలిచినా పలకాల్సిన డ్యూటీ, నాదే. మా టీమ్‌లో కడప కుర్రాడిని మార్చుకుంటావా అని అడిగితే "అన్నా, దానికి బదులు దీపావళి వారం నువ్వు తీసుకో" అంటున్నాడు. దీపావళి వారం ఇస్తే ఇంట్లో నాకు వేరే రేసు మొదలవుతుంది. థ్యాంక్స్‌గివింగ్ వారం తీసుకోరా, కావాలంటే పైన ఒక శనివారం కూడా వేసుకో అని అడుగుతున్నాను, బేరం ఇంకా తెగలేదు.