అమ్మ నడుముకు నాలుగు స్క్రూలు ఎందుకు?

అమ్మ వెన్నెముక ఆపరేషన్‌కు ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ కాగితంలో గది అద్దె, మత్తు డాక్టర్ ఫీజు, మందులు అన్నీ ఒక ఎత్తు, ‘ఇంప్లాంట్లు’ అన్న ఒక్క వరుస మరో ఎత్తు. పూసల్లోకి బిగించే పెడికిల్ స్క్రూలు నాలుగు, వాటిని కలిపే రాడ్లు రెండు, పూసల మధ్య పెట్టే కేజ్ ఒకటి. ఆడిటర్ ఆఫీసులో పద్దులు చూసేవాణ్ణి, నా కన్ను అక్కడే ఆగింది. మోకాలి ఇంప్లాంట్లకు 2017లో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది కదా, వీటి సంగతేమిటని కౌంటర్‌లో అడిగితే, ‘‘కంపెనీని బట్టి ఉంటుంది సార్’’ అన్నారు.

అమ్మకు నడుము దగ్గర ఎల్4 అనే పూస, దాని కిందిదైన ఎల్5 మీద కొద్దిగా ముందుకు జారింది. నరాలు నొక్కుకుపోయి మెహదీపట్నం రైతు బజారులో నాలుగు అడుగులు వేసేసరికి కాళ్లు బరువెక్కుతాయి. కూరగాయల బల్ల మీదికి వంగి నిలబడితే కాస్త తేలిక. నరాల మీది ఒత్తిడి తీసి, ఆ రెండు పూసలనూ స్క్రూలతో బిగించి అతికించాలన్నది ఆసుపత్రి మాట.

నిజానికి పూసలు అతకడానికి లోహమే కావాలని లేదు. 1911లో న్యూయార్క్‌లో హిబ్స్, ఆల్బీ అనే సర్జన్లు ఎముకతోనే అతికించారు. అతికేదాకా కదలకుండా పట్టి ఉంచడం స్క్రూల పని. ఆ పని బాగానే చేస్తాయి. గొడవంతా ఆ తర్వాతే. అమ్మలా పూస జారినవారి మీద ఫిష్‌గ్రండ్ అనే సర్జన్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనం చూడండి: స్క్రూలు వేసినవారిలో 82 శాతం మందికి ఎముక అతికింది, వేయనివారిలో 45 శాతానికే. మరి రెండేళ్లకు బాగున్నది ఎందరు? స్క్రూలవారిలో 76 శాతం, లేనివారిలో 85! ఈ తేడా గణాంకాల లెక్కకు నిలిచేది కాదు, కాకతాళీయంగానూ రావచ్చు, కాబట్టి స్క్రూలు చెడ్డవని అనలేం. కానీ ఎక్స్-రేలో కనిపించిన జమ రోగి ఖాతాలోకి చేరలేదు.

అంతటితో వాదన తెగిందా? లేదు. స్క్రూలు లేకుండా చేయించుకున్నవారిని ఇంకొన్నేళ్లు గమనించి 2004లో ప్రచురించిన ఫలితాల్లో, ఎముక అతికినవారిలో 86 శాతం బాగున్నారు, అతకనివారిలో 56 శాతమే. స్క్రూల పక్షానికి ఇది గట్టి సాక్ష్యమే. ఇక 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు మాటలు చెప్పింది. 247 మందిని పరిశీలించిన స్వీడన్ వైద్యులు, నరాల మీది ఒత్తిడి తీస్తే చాలు, ఫ్యూజన్‌తో, అంటే పూసలు అతికించడంతో, అదనపు మేలు లేదన్నారు. 66 మందిని చూసిన అమెరికా వైద్యులు కొంత మేలుందన్నారు.

విరిగిన పూసకో, క్షయ తినేసిన పూసకో రాడ్లు వద్దనేవాణ్ణి కాను. అమ్మ పూస ఊగుతోందా, లేదా? పంజాగుట్టలోని మరో డాక్టర్ గారు ముందుకు వంగినప్పుడు ఒకటి, వెనక్కి వంగినప్పుడు ఒకటి ఎక్స్-రే తీయించారు. రెండు ఫిల్ములనూ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచి చూపించారు. కదలిక దాదాపు లేదు. ‘‘ముందు ఒత్తిడి తీద్దాం. జారడం పెరిగితే రెండో ఆపరేషన్ అవసరం పడవచ్చు, దానికి సిద్ధమైతేనే రండి’’ అన్నారు. నాకు నచ్చింది ఆ రెండో వాక్యమే.

అమ్మ షుగర్ అదుపులోకి రాగానే తేదీ ఇస్తారట. రాడ్లు వేస్తేనే గట్టిగా ఉంటుందని మామయ్య పట్టు. ఎక్స్-రేలు వాట్సాప్‌లో పంపాను, ఆయన ఇంకా మెత్తబడలేదు.