కొబ్బరి మట్ట పడితే కోడింగ్ ఆగాలా?

కోనసీమలో ఇంటి నుంచి పనిచేసే డెవలపర్లు క్లౌడ్‌కి (నెట్ ద్వారా వాడుకునే దూరపు మెషీన్లకి) మారాలా వద్దా అన్న మాట రాగానే నెట్ స్పీడు గురించి అడుగుతారు. ముందు చూడాల్సింది లైను ఎన్నిసార్లు తెగుతుందనేది. ఇక్కడ ఫైబర్ వైరు స్తంభాలకి వేలాడుతూ కొబ్బరి చెట్ల మధ్య నుంచి వస్తుంది. గాలివానకి ఒక్క మట్ట రాలిందంటే 100 ఎంబీపీఎస్ కాస్తా సున్నా. రౌటర్‌కి ఇన్వర్టర్ ఉన్నా, కేబుల్ ఆపరేటర్ స్విచ్‌కి కరెంటు లేకపోతే ఏం లాభం?

అందుకని బరువు పనులే క్లౌడ్‌కి పంపండి: బిల్డులు (కోడుని నడిచే ప్రోగ్రాముగా మార్చడం), డాకర్ (యాప్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి ఒకే ప్యాకెట్‌గా నడిపే టూలు), టెస్ట్ డేటాబేసు. దీనివల్ల పెద్ద లాభం డేటా ఆదా. ఫోన్ హాట్‌స్పాట్‌లో రోజుకి ఒకటిన్నర జీబీతో నెట్టుకొచ్చేవాళ్లకి ఒక్క పెద్ద డాకర్ ఇమేజ్ (ఆ ప్యాకెట్ ఫైలు) దింపితేనే కోటా ఖాళీ. అదే క్లౌడ్‌లో అయితే ఇమేజ్ అక్కడే దిగుతుంది, మన వరకూ వచ్చేది టెర్మినల్‌లో కనిపించే అక్షరాలే.

వీఎస్ కోడ్ ఎడిటర్‌లో రిమోట్ ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌కి భద్రంగా కలిపే పద్ధతి) వాడితే టైపింగ్ లాగదు, ఎడిటర్ మన మెషీన్‌లోనే నడుస్తుంది కాబట్టి. టెర్మినల్, ఆటోకంప్లీట్ మాత్రం అవతలి నుంచి రావాలి. అందుకే మెషీన్ దగ్గర్లో ఉండాలి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ముంబయి రీజియన్ (సర్వర్లు ఉండే చోటు) ఉంది, 2022 నవంబరు నుంచి హైదరాబాదూ ఉంది. చూసుకోకుండా అమెరికా రీజియన్‌లో మెషీన్ తెరిస్తే ప్రతి కమాండుకీ 200 మిల్లీసెకన్లకి పైగా ఎదురుచూపు. రిమోట్ డెస్క్‌టాప్ అయితే ఇంకా ఘోరం, మౌస్ కదలిక కూడా వెళ్లి రావాల్సిందే.

లైను తెగినప్పుడు మామూలు ఎస్ఎస్‌హెచ్‌లో నడుస్తున్న బిల్డు షెల్‌తో పాటే పోతుంది. టీమక్స్ (లైను తెగినా షెల్‌ని సర్వర్‌లో బతికించి ఉంచే టూలు) సెషన్‌లో మొదలుపెడితే అవతల నడుస్తూనే ఉంటుంది, నెట్ వచ్చాక ఎటాచ్ అయితే సరి. ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ (ఎన్ని సెకన్లకోసారి సర్వర్‌ని పలకరించాలనేది) 30 పెట్టండి. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే, అంటే 90 సెకన్లకి, తెగిందని తేల్చేస్తుంది. అది లేకపోతే బిగుసుకుపోయిన టెర్మినల్ ముందు కూర్చోవడమే.

గిట్‌లో పుష్ చెయ్యని (రిపోకి పంపని) కోడు మాత్రం అవతలే చిక్కుకుపోతుంది. మబ్బు పట్టిందంటే సగం పనైనా సరే, వేరే బ్రాంచిలో పుష్ చేసి లాప్‌టాప్‌లోకి పుల్ చేసుకోండి.

గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ (బ్రౌజర్‌లోనే తెరుచుకునే క్లౌడ్ మెషీన్) ఉచిత ప్లాన్‌లో ఉన్న వ్యక్తిగత ఖాతాకి నెలకి 120 కోర్ గంటలు ఉచితం. రెండు కోర్ల మెషీన్‌కి అది 60 గంటలు. రోజుకి ఎనిమిది గంటలు వాడితే ఎనిమిదో రోజు మధ్యాహ్నానికే అయిపోతాయి. ట్యాబ్ మూసినంత మాత్రాన మెషీన్ ఆగదు, డీఫాల్టుగా 30 నిమిషాలు ఖాళీగా ఉంటేనే ఆగుతుంది. డెవ్ సర్వర్ లాగులు అచ్చేస్తూ ఉంటే అదీ పని కిందే లెక్క. ఆపేసిన కోడ్‌స్పేస్‌ని 30 రోజులు ముట్టుకోకపోతే, మీరు గడువు మార్చకపోతే, తుడిచేస్తారు, పుష్ చెయ్యని మార్పులతో సహా.

ఒకే కంపెనీ ఎడిటర్‌కి కట్టుబడకండి. 2024 జులైలో ఏడబ్ల్యూఎస్ వాళ్ల బ్రౌజర్ ఎడిటర్ క్లౌడ్9 కొత్త కస్టమర్లకి తలుపులు మూసేసింది. సెటప్ అంతా డెవ్‌కంటైనర్ ఫైల్లో రాసుకుంటే అదే ఫైలు కోడ్‌స్పేసెస్‌లోనూ, లాప్‌టాప్ డాకర్‌లోనూ పనిచేస్తుంది.

ఆండ్రాయిడ్ యాప్ చేసేవాళ్లు మాత్రం క్లౌడ్‌కి పెట్టే డబ్బు లాప్‌టాప్ ర్యామ్ మీద పెట్టడం మేలు. ఫోన్‌ని యూఎస్‌బీకి తగిలించి టెస్ట్ చేసేది ఎలాగూ ఇంట్లోనే కదా.