మట్టిబాటలో జలపాతం దాకా, మళ్లీ తారురోడ్డు దాకా

ఏరు లోయలో ఉంటుంది కాబట్టి జలపాతానికి పోయే అడవి బాట చివర్లో దిగుడే. దిగడానికి ఏ బండైనా దిగుతుంది. ఒక్క జల్లు పడ్డాక అదే బంకమట్టి ఎక్కడమే తంటా. ప్రతి దిగుడు ముందూ ఆగి, ఇది తడిస్తే ఎక్కుతుందా అని చూసుకోండి. అనుమానముంటే బండి అక్కడే వదిలి నడవడం మేలు.

తారురోడ్డు మీద 32–35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండే టైరు గాలిని రాళ్లబాట మొదట్లో 25 దాకా తగ్గిస్తే, టైరు రాయి మీద ఎగరకుండా దానికి అతుక్కుని పాకుతుంది. మరీ తగ్గిస్తే సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) ఉబ్బి మొనదేలిన రాళ్లకు చిరుగుతుంది, అక్కడ పంక్చర్ ప్యాచ్ నిలవదు. తారురోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి కాబట్టి గాలిపంపు చేతిలో లేనిదే గాలి తీయొద్దు. స్టెప్నీలో గాలి బయల్దేరే ముందే చూసుకోవాలి (చాలామంది మరిచేది ఇదే). జాకీ కింద వేయడానికి మందపాటి చెక్క ఉండాలి. లేకపోతే మెత్తటి నేలలో బండి లేవదు, జాకీయే దిగబడుతుంది.

లారీలు తొక్కిన లోతు గాడుల్లో చక్రాలు వేస్తే మధ్య దిబ్బ ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌ను గీరుతుంది. ఒక వైపు చక్రాలు దిబ్బ మీద, రెండోవైపువి బాట అంచు మీద నడిపించండి. దిగుడులో ఫస్ట్ గేరే. బ్రేకు తొక్కిపట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

అసలు పరీక్ష వాగు దగ్గర. ముందు కర్రతో పొడుస్తూ నడిచి చూడాలి. మనిషి నడవలేని నీళ్లలో బండి దించకూడదు. పారే నీళ్లు 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు కొట్టుకుపోగలదు, 60 అయితే పెద్ద బండికీ దిక్కులేదు. మధ్యలో ఇంజిన్ ఆగిందా, మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే, నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒడ్డెక్కాక మెల్లగా పోతూ బ్రేకు రెండు మూడుసార్లు నొక్కి ఆరనివ్వండి. దాటిన చోట నీటి అంచున గుర్తుగా ఒక రాయి పెట్టండి. తిరిగొచ్చేసరికి అది మునిగి ఉంటే వాగు పెరిగినట్టే.

జలపాతం దగ్గర నల్లగా నిగనిగలాడే బండ నాచు పట్టినది, అడుగు వేయొద్దు. నీళ్లు పడేచోట తెల్లటి నురగలో గాలి కలిసి ఉంటుంది, అందులో ఈతగాడైనా సరిగా తేలడు. నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాను ఏరుకుంటూ కూర్చోవద్దు, వెంటనే గట్టెక్కాలి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఏటి ఎగువన ఎక్కడో వాన పడుతూ ఉండొచ్చు.

బండి ఆపేటప్పుడే ముందుభాగం తిరుగుదారి వైపు పెట్టి ఆపండి. చీకట్లో, బురదలో, ఇరుకు బాట మీద తిప్పడం వెలుగులో తిప్పినట్టు ఉండదు.