లద్ది కోసం తెల్లవార్లూ జాగారం

నిన్న తెల్లవారుజామున ఐదున్నరకి మా గుర్రం రాణి లద్ది వేసింది. నవ్వుకోండి, పరవాలేదు. దాని కోసం నేను, గుర్రాల్ని చూసుకునే మా సైసు చాచా, డాక్టరు గారు రాత్రంతా టార్చిలైటు పట్టుకుని కాచుకున్నాం. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసి మానేశాను. మొయినాబాద్ దగ్గర ఎకరం లీజుకు తీసుకుని లాయం కట్టాను. రేసుల నుంచి రిటైరైన రెండు గుర్రాలు, ఒక మార్వాడీ గుర్రంతో రైడింగ్ నేర్పడం మొదలుపెట్టాను. లీజు, షెడ్డు, బోరు అన్నీ సాఫీగా అయ్యాయి. గ్లాండర్స్ అనే గుర్రాల అంటువ్యాధి పరీక్షకి రక్తం తీసి హిసార్‌లోని ల్యాబ్‌కి పంపారు, నెగెటివ్ వచ్చింది.

సబ్సిడీ కథ మాత్రం చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తన పశువుల పథకం నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లోకి గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలు, ఒంటెల పెంపకాన్ని కూడా చేర్చింది. 50 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 50 లక్షలు. ఆశపడి ఫైలు పట్టుకుని వెళ్లాను. మీది రైడింగ్ స్కూలు, కుదరదని మొదటి రోజే అంటే పోయేది. నాలుగుసార్లు తిప్పించుకుని, ఐదోసారి "పోనీ గాడిదలు పెంచరాదూ" అన్నాడు గుమాస్తా. పక్క టేబులు ఆయన కిసుక్కుమన్నాడు. సబ్సిడీని నమ్ముకుని గుర్రం కొనకండి.

ఇక అసలు సంగతి, చెప్పుకోవడానికే సిగ్గు. మా సైసు చాచా మలక్‌పేట రేస్‌కోర్సులో ముప్పై ఏళ్లు చేసిన మనిషి. రాణి బక్కగా ఉండేది. ఆయనేమో రోజుకి నాలుగుసార్లు, చిన్న డబ్బాతో కొలిచి దాణా పెట్టేవాడు. ఇంత పిసినారితనం ఏమిటా అనుకున్నాను. అప్పుడే తెలిసినవాడొకడు "సైసులు దాణా అమ్ముకుంటారు, జాగ్రత్త" అని చెవిలో వేశాడు. వాడి మాట పట్టుకుని దాణా గదికి తాళం వేసి, తాళంచెవి నా జేబులో పెట్టుకున్నాను. చాచా ఒక్క మాటా అనలేదు. సాయంత్రం స్కూటీ వేసుకుని ఇంటికెళ్లిపోయాడు.

మాది నల్లగొండ, ఇంట్లో గేదెలుండేవి. ఉడికించిన ఉలవలు, తవుడు కలిపి నిండు బకెట్ పెడితే గేదె ఎంత సంతోషంగా తింటుందో చూస్తూ పెరిగాను. రాణికీ అదే పెట్టాను. అప్పటిదాకా అది తిన్నది ఓట్స్, బార్లీ, ఎండుగడ్డి. బకెట్ నాకి నాకి ఖాళీ చేసింది. గర్వంగా ఫొటో కూడా తీశాను.

రాత్రి పదకొండుకి చూస్తే ముందుకాలితో నేల గీరుతోంది. మెడ తిప్పి తన డొక్కవైపు చూసుకుంటోంది. పడుకుంది, పొర్లింది, లేచింది, మళ్లీ పడింది. మెడంతా చెమట. దవడ కింద వేలు పెట్టి నాడి లెక్కపెడితే నిమిషానికి 64. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44 ఉండాలి. గుర్రాలు కక్కుకోలేవు, కడుపులో పడ్డది కిందికే పోవాలి. పొట్ట కూడా ఒంటితో పోలిస్తే చిన్నది, అందుకే కొంచెం కొంచెంగా మేపాలి. ఇవన్నీ పుస్తకంలో చదివినవే. బకెట్ పట్టుకున్నప్పుడు ఒక్కటీ గుర్తురాలేదు.

దగ్గర్లోని పశువుల డాక్టరు "గుర్రాలు నేను చూడను" అని ఫోన్ పెట్టేశాడు. ఒంటిగంటకి, వేరే దారిలేక, చాచాకి చేశాను. "చాచా, తప్పైపోయింది" అని మొదలుపెట్టాను. "అది తర్వాత. పొర్లనియ్యకు, మెల్లగా నడిపించు. ఏమీ పెట్టకు. వస్తున్నా" అన్నాడు. ముప్పావుగంటలో వచ్చాడు. రేసుగుర్రాలు చూసే డాక్టరు గారిని కూడా ఆయనే లేపాడు.

చాచా డొక్కకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "పేగులు చప్పుడు చేస్తలేవు" అన్నాడు. అంటే లోపల కదలిక ఆగిపోయిందన్నమాట. అప్పుడు నాకు కాళ్లు వణికాయి. డాక్టరు గారు నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కులోంచి గొట్టం దించి లిక్విడ్ పారఫిన్ పోశారు. ఆ తర్వాత నడిపించడం, ఆగి వినడం, మళ్లీ నడిపించడం. నాలుగు దాటాక చాచా నా తల పట్టుకుని డొక్కకి ఆనించాడు. లోపల దూరంగా, బోరింగు కొట్టినప్పటి గుడగుడ. మిగతాది మొదటి వాక్యంలోనే చెప్పాను.

కొత్తగా లాయం పెట్టేవాళ్లు స్థలం చూసేముందు, గంటలో రాగల గుర్రాల డాక్టరు ఉన్నాడో లేదో చూసుకోండి. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుకి నేను కట్టిన డబ్బులో సగం ఆ సైసుకి జీతం పెంచి ఉంటే సరిపోయేది. దాణా మార్చాలంటే వారం, పది రోజులు తీసుకుని మెల్లగా మార్చండి. కళ్లు మూసుకుని నాడి చూడగలను నేనిప్పుడు, అది వేరే విషయం.

తాళంచెవి చాచాకి ఇచ్చేశాను. ఆయన దాన్ని తలుపు పక్క మేకుకి తగిలించి, పెట్రోలుకి 200 అడిగాడు. రాణికి ఇవాళ గుప్పెడు గుప్పెడు గడ్డి మాత్రమే. ఆదివారం క్లాసు రద్దు చేశాను. "గుర్రానికి కడుపునొప్పి వస్తే మా వాడి ఫీజు ఎందుకు పోవాలి" అని ఒక తండ్రి పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. ఫీజు వెనక్కి పంపేశాను.